వేడి నేల మీద నింద

మూడేళ్ల కిందట ఇంటి వెనక ఖాళీ జాగాలో వేద్దామని నర్సరీ నుంచి నలభై బొప్పాయి మొక్కలు తెచ్చాను. పూతకొచ్చేసరికి పదిహేడు పోతులని తేలింది. పొడవాటి కాడలకు గుత్తులుగా వేలాడే సన్నని పూలు, కాయ ఊసే లేదు. అడగడానికి వెళితే నర్సరీ ఆయన తాపీగా, "మీది వేడి నేల సార్, అందుకే ఆడవి కూడా పోతులకు తిరిగాయి" అన్నాడు. కాబోలు అనుకుని వచ్చేశాను. సగం దారిలో లెక్క తట్టింది. ఆడా మగా వేర్వేరు చెట్లుగా ఉండే బొప్పాయి రకంలో గింజలు నాటితే దాదాపు సగం పోతులే వస్తాయి. నలభైకి పదిహేడంటే నేను నష్టపోయింది లేదు, మూడు చెట్లు కలిసొచ్చాయి.

ఈ వేడి నేల సిద్ధాంతానికి అసలు కంచుకోట బొప్పాయి కాదు, గంజాయి మొక్క. దానిలోనూ ఆడ, మగ వేరు. నార కోసం పెంచే రకాన్ని హెంప్ అంటారు (మన జనుముతో, గోగుతో దీనికి చుట్టరికం లేదు). ఎండ ముదిరినా, నీరు చాలకపోయినా, నేలలో సారం తగ్గినా ఆడ కావలసిన మొక్క మగదవుతుందనీ, సుఖంగా పెరిగితే ఆడవే ఎక్కువ వస్తాయనీ ఒక నమ్మకం పాతుకుపోయింది. తోటమాలి చెబితే నవ్వి ఊరుకోవచ్చు. సైన్సు పేరు పెట్టి చెప్పేవాళ్లే ఎక్కువ. ఇది తప్పని నా వాదన.

ముందుగా, నీళ్లూ ఎరువూ మొక్క లింగాన్ని మార్చగలిగితే బాగుపడి ఉండవలసిన ఊరు ఒకటుంది. నౌగావ్. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది, అప్పట్లో బెంగాల్‌లోని రాజ్‌షాహీ జిల్లా. ఆంగ్లేయుల ఏలుబడిలో అక్కడ లైసెన్సు మీద గంజాయి సాగయ్యేది. పుప్పొడి పడి గింజ కట్టిందంటే సరుకు ధర పడిపోతుంది కాబట్టి మగ మొక్క ఒక్కటి మిగిలినా రైతుకు దెబ్బే. 1893–94లో విచారణ జరిపిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ నివేదికలో ఆ మగ మొక్కల్ని పట్టే నిపుణుల ప్రస్తావన ఉంది. ఇంగ్లీషువాళ్లు వాళ్లను 'గంజా డాక్టర్లు' అన్నారు. డాక్టరు పొలంలో సాలు వెంబడి నడుస్తాడు, కణుపు దగ్గర అప్పుడే పొటమరిస్తున్న మొగ్గను చూసి ఇది మగ అని తేలుస్తాడు, మొక్క పీకేస్తారు. ఇంకో తడి పెట్టమనో, ఎరువు వేయమనో చెప్పి వెళ్లిపోయే డాక్టరైతే ఆయనకు రైతులు డబ్బులిచ్చేవారా?

వాతావరణవాదులు సాక్ష్యంగా తెచ్చేది జాన్ షాఫ్నర్‌ని. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వృక్షశాస్త్రవేత్త. 1920లలో గాజు ఇంట్లో హెంప్ గింజల్ని వేర్వేరు నెలల్లో నాటించాడు. పగలు కురచగా ఉండే చలికాలపు విత్తులో చాలా మొక్కలు తమవి కాని పూలు పూశాయి. ఆయన చూసింది నిజమే. పేచీ అంతా దానిమీద ఆయన కట్టిన తీర్మానంతో, లింగం క్రోమోజోముల్లో లేదు, పెరిగే పరిస్థితుల్లోనే ఉందనడంతో. పైగా ఆ కుండీల్లో ఆడ మొక్క మగ పూలు పూసింది, మగ మొక్క ఆడ పూలూ పూసింది. కష్టమొస్తే మగదవుతుందన్న సామెతకు ఇందులో చోటేదీ? అక్కడ తేడా పగటి నిడివిది, నేల వేడిది కాదు.

ఈ తగువు తీర్చిన పని మన దేశంలోనే జరిగిందని మనకే సరిగా తెలియదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో హెచ్.వై. మోహన్ రామ్, ఆయన శిష్యులు 1970 నుంచి ఈ మొక్క మీద వరసగా ప్రయోగాలు చేశారు. ఇథిలిన్ వాయువును విడుదల చేసే రసాయనం పడ్డ మగ మొక్కలు ఆడ పూలు పూశాయి. జిబ్బరెల్లిన్ హార్మోను తగిలిన ఆడ మొక్కలు మగ పూలు పూశాయి. 1982లో వెండి లవణాలతో ఆడ మొక్కల మీదే పుష్కలంగా పుప్పొడి రాల్చే మగ పూలు తెప్పించారు. చూశారా, మారిపోయింది కదా అనేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఒక్క అడుగు ముందుకు వేసి ఆ పుప్పొడికి పుట్టిన పిల్లల్ని చూడాలి. ఆ మొక్క నిజంగా మగదైపోయి ఉంటే సంతానంలో సగం మగవి ఉండాలి. ఉండవు. దాదాపు అన్నీ ఆడవే. దాని ఒంట్లో ఉన్నవి రెండూ ఎక్స్ క్రోమోజోములే, వై లేదు. లేనిదాన్ని పుప్పొడిలో ఎలా పంపుతుంది? వేషం మగది, వంశం ఆడది. కెనడాలో, నెదర్లాండ్స్‌లో 'ఫెమినైజ్డ్' విత్తనాలని అమ్మేవన్నీ ఈ కిటుకు మీద నిలబడ్డవే. మొక్క మారిపోయిందన్న వాదం నిజమైతే ఆ వ్యాపారం మొదటి ఏడే దివాలా తీసేది.

ఎదుటి పక్షానికి దక్కవలసింది ఒకటుంది. ఫ్రాన్స్‌లో నార కోసం తయారుచేసిన ఫెడోరా, ఫ్యూచురా వంటి రకాల్లో ఒకే మొక్క మీద రెండు రకాల పూలూ ఉంటాయి. వాటిలో మగ పూల పాలు వెలుగును బట్టీ, వాతావరణాన్ని బట్టీ మారుతుంది. ఆడ మొక్క కూడా బాగా ఇబ్బంది పడ్డప్పుడు అక్కడక్కడా నాలుగు మగ పూలు వేస్తుంది. కాదనను. పువ్వు మీద పరిసరాలకు అధికారం ఉంది. దాన్ని పట్టుకుని మొక్క మొత్తాన్నీ, ఆపైన పొలం మొత్తాన్నీ వాటికి రాసిచ్చేస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

మరి ఫలానా పొలంలో ఈసారి ఆడవే ఎక్కువ వచ్చాయన్న లెక్కల మాటేమిటి అంటారా? ఏ రోజు లెక్కపెట్టారో అడగండి. మగ మొక్క ముందుగా పూస్తుంది, పుప్పొడి రాల్చి ముందుగానే ఎండిపోతుంది. ఆడది గింజ ముదిరేదాకా పచ్చగా నిలబడుతుంది. ఆలస్యంగా వెళ్లి లెక్కపెట్టేవాడికి ఏ పొలమైనా ఆడ పొలమే. అనుమానం తీరాలంటే పూత దాకా ఆగక్కర్లేదు. మగ మొక్కల్లోనే ఉండే డీఎన్ఏ ముక్కల్ని 1990లలోనే గుర్తించారు, లేత మొక్క ఆకు ఒక్కటి చాలు.

ఇంత తేలిక సంగతి ఇన్నాళ్లు ఎందుకు తేలలేదంటే, చూడకముందే మనకు ఆడదంటే ఏమిటో, మగదంటే ఏమిటో తెలిసిపోయి ఉంటుంది. పాత ఇంగ్లండులో గింజ కట్టే బలమైన మొక్కను మగ అనుకుని 'కార్ల్' హెంప్ అన్నారు. కార్ల్ అంటే మోటు మగవాడు. పుప్పొడి రాల్చి ఎండే సన్నపాటి మొక్కను 'ఫింబుల్' అన్నారు, ఆ మాట ఆడ అనే అర్థం నుంచి వచ్చింది. కళ్లెదుట గింజలు రాలుతున్నా పేరు తలకిందులే. సుఖపడితే ఆడ, కష్టపడితే మగ అనే సిద్ధాంతం కూడా ఈ బాపతే. దానికి అమ్మేవాడి అవసరం తోడైంది. తప్పు గింజదంటే డబ్బు వెనక్కివ్వాలి, నేలదంటే అక్కర్లేదు.

మొన్న మళ్లీ ఆ నర్సరీకే వెళ్లాను. గుంటకు మూడు మొక్కలు నాటుకుంటాను, పూత చూసి పోతులు పీకేసుకుంటాను, లెక్కగట్టి ఇవ్వమన్నాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు.

"మీది వేడి నేల కదా సార్, నాలుగేసి నాటుకోండి" అన్నాడు.