మూత వేసింది ఎవరు? నింద ఎవరికి?

ఫ్యాక్టరీ మూతపడిన ప్రతిసారీ ఒకే మాట వినిపిస్తుంది: "యూనియన్ వాళ్లే ముంచారు." మన సంఘ సభ్యుల్లో కూడా ఈ మాట అనేవాళ్లున్నారు. అందుకే ఈ నెల మనకు ఏ సంబంధమూ లేనట్టు కనిపించే ఒక కథను తీసుకుంటున్నాం. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, అట్లాంటిక్ సిటీలో తాజ్‌మహల్ అనే కేసినో 2016 అక్టోబరు 10న మూతపడింది. దాదాపు 3,000 మంది ఉపాధి పోయింది. అప్పటికి అక్కడ 102 రోజులుగా సమ్మె నడుస్తోంది. ఇంకేం, నేరం యూనియన్‌దేనని చాలామంది తీర్పు చెప్పేశారు.

జూదం మీద మాకు ప్రేమ లేదు. జూదశాల మూతపడిందని కన్నీళ్లు పెట్టుకోవడానికి ఇది రాయడం లేదు. కానీ అక్కడ పేకాట ఆడింది గదులు ఊడ్చిన మనిషి కాదు, వంట చేసిన మనిషీ కాదు. వాళ్లు కష్టం చేసి కూలి తీసుకున్నవాళ్లు. జూదం ఆడింది పైనున్నవాళ్లు, అదీ అప్పు సొమ్ముతో.

లెక్క మొదటి నుంచి చూద్దాం. డొనాల్డ్ ట్రంప్ ఈ కేసినోను 1990 ఏప్రిల్‌లో తెరిచాడు. ప్రపంచపు ఎనిమిదో వింత అని చెప్పుకున్నాడు. దాని నిర్మాణం కోసం బాండ్ల మీద తెచ్చిన అప్పు 67.5 కోట్ల డాలర్లు, వడ్డీ 14 శాతం. అంటే ఏటా వడ్డీకే తొమ్మిది కోట్ల డాలర్లకు పైగా కట్టాలి. అంత వడ్డీకి తెచ్చిన అప్పు ఏం చేస్తుందో రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. తెరిచిన ఏడాదికే, 1991లో, కేసినో దివాలా కోర్టు మెట్లెక్కింది. అప్పటికి సమ్మె లేదు, గొడవ లేదు. బరువు పునాదిలోనే ఉంది.

తరువాత ఊరి బేరమే పడిపోయింది. అమెరికా తూర్పు తీరంలో చాలా ఏళ్లు కేసినో జూదం అంటే అట్లాంటిక్ సిటీయే. 2006లో పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో కేసినోలు తెరుచుకున్నాయి. రావలసిన జనం దారిలోనే ఆగిపోయారు. 2006లో 520 కోట్ల డాలర్లు ఉన్న ఊరి కేసినోల ఆదాయం పదేళ్లలో సగానికి పడింది. 2014 ఒక్క ఏడాదిలోనే 12 కేసినోల్లో నాలుగు మూతపడ్డాయి. ఈ నాలుగింటినీ కూడా యూనియనే మూయించిందా?

తాజ్‌మహల్ కంపెనీ 2014లో మళ్లీ దివాలా పిటిషన్ వేసింది. ఆ అక్టోబరులో, యూనియన్‌తో ఉన్న ఒప్పందాన్ని రద్దు చేసుకోవడానికి కోర్టు అనుమతి ఇచ్చింది. దాంతో కార్మికుల ఆరోగ్య బీమా పోయింది, పెన్షన్‌కు యాజమాన్యం కట్టే వాటా ఆగిపోయింది. ఆ దేశంలో బీమా లేని మనిషి ఆస్పత్రి గడప తొక్కితే ఇల్లు గుల్లవుతుంది. దివాలా నుంచి బయటికి వచ్చేసరికి కేసినో కోటీశ్వరుడు కార్ల్ ఐకాన్ చేతికి వచ్చింది. అప్పుల వాళ్ల లెక్కలు కోర్టులో తేలాయి. ఇరవై, పాతికేళ్లు పనిచేసినవాళ్ల బీమా మాత్రం తేలలేదు.

2016 జూలై 1న యునైట్ హియర్ లోకల్ 54 అనే యూనియన్ నాయకత్వంలో సుమారు 1,000 మంది సమ్మెకు దిగారు. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, గదులు శుభ్రం చేసేవాళ్లు, సామాను మోసేవాళ్లు. కొత్త కోరికలేమీ పెద్దగా లేవు. పోయిన బీమాను ఊళ్లో మిగతా కేసినోల్లో ఉన్నట్టు తిరిగి ఇవ్వమన్నారు. యాజమాన్యం బీమా ఇస్తామంది కానీ, అది పక్క కేసినోల్లో ఉన్నదానికంటే తక్కువదని యూనియన్ ఒప్పుకోలేదు. ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. అదే సమయంలో ఊళ్లోని మరో నాలుగు కేసినోలు యూనియన్‌తో రాజీకి వచ్చాయి. అందులో ట్రోపికానా కూడా ఉంది. దాని యజమానీ ఈ ఐకానే. ఒక చేత్తో సంతకం పెట్టిన మనిషి రెండో చేత్తో తాళం వేశాడు. ఒకే యూనియన్, ఒకే యజమాని, ఒకే ఊరు. ఒకటి నడిచింది, ఒకటి ఆగింది. తేడా యూనియన్‌లో లేదు, పాతబడి అప్పుల్లో అరిగిపోయిన ఆ భవనం లెక్కల్లో ఉంది.

అవతలి వాదననూ న్యాయంగా చూడాలి. ఈ కేసినో మీద తాను దాదాపు 10 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నానని ఐకాన్ అన్నాడు. సమ్మె వల్లే లాభాల దారి మూసుకుపోయిందన్నాడు. నష్టాల్లో ఉన్న చోట సమ్మె చేస్తే యజమాని తాళం వేసే ప్రమాదం ఉంటుంది, నిజమే. ఉద్యోగం పోయిన 3,000 మందిలో సమ్మెలో లేనివాళ్లే ఎక్కువ. వాళ్ల బాధకు యూనియన్ కూడా జవాబు చెప్పాలి. సమ్మె అంటే పండగ కాదు, ఆఖరి ఆయుధం. దించే ముందు లెక్క వేసుకోవాలి.

అయితే ఆ లెక్క కార్మికుడి వైపు నుంచి కూడా వేయాలి. తాజ్‌మహల్‌లో బీమా లేకుండా సర్దుకుంటే, రేపు పక్క కేసినో యజమాని "వాళ్లకు లేనిది మీకెందుకు?" అంటాడు. ఒక మార్కెట్ యార్డులో క్వింటాలుకు తరుగు తీయడం అలవాటైతే, పక్క యార్డుకు పాకడానికి ఎన్నాళ్లు పడుతుందో మనకు తెలుసు. ఆ 1,000 మంది నిలబడింది ఊరి రేటు పడిపోకుండా.

తరువాతి కథ తీర్పు చెప్పినవాళ్లు తెలుసుకోవాల్సింది. 2017లో ఆ భవనాన్ని హార్డ్ రాక్ సంస్థ 5 కోట్ల డాలర్లకు కొన్నది. యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. 2018 జూన్‌లో కొత్త పేరుతో తెరిచింది. 2022లో మళ్లీ సమ్మె గడువు దాకా వచ్చినప్పుడు జీతాల పెంపుతో కొత్త ఒప్పందం కుదిరింది. యూనియన్ ఉంటే కేసినో నడవదన్న మాట నిజమైతే, అదే గోడల మధ్య అదే యూనియన్‌తో ఇప్పుడెలా నడుస్తోంది?

ఇక మన ఊళ్లకు వద్దాం. నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటాను 2002లో ప్రైవేటుకు ఇచ్చారు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంభోజిపల్లి ఫ్యాక్టరీలకు తాళం పడింది. కార్మికుడి జీతం ఆగింది, చెరకు రైతు తోట ఆగింది. ఒకే తాళం ఇద్దరి నోటి దగ్గరి కూడు తీసింది. ఆ రోజుల్లో కార్మికులు రైతును, రైతులు కార్మికులను తప్పుపట్టి ఉంటే లాభం ఎవరికి?

2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, 300 మంది కంటే తక్కువ కార్మికులున్న ఫ్యాక్టరీని ప్రభుత్వ అనుమతి లేకుండానే మూయవచ్చు. ఇదివరకు ఆ గీత 100 దగ్గర ఉండేది. సమ్మెకు మాత్రం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తాళం వేయడం తేలిక, నోరు తెరవడం కష్టం అన్నమాట. అదే నెలలో మూడు సాగు చట్టాలూ వచ్చాయి. ఆ ఏడాది నవంబరు 26న కార్మిక సంఘాల దేశవ్యాప్త సమ్మె, రైతుల ఢిల్లీ ప్రయాణం ఒకే రోజు మొదలయ్యాయి. ఏడాది తరువాత సాగు చట్టాలు వెనక్కు పోయాయి.

రేపు మన ప్రాంతంలో ఏ మిల్లు గేటుకైనా తాళం పడితే, యూనియన్‌ను తిట్టే ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. అప్పు ఎంత, ఎవరు తెచ్చారు? బేరం ఎందుకు పడిపోయింది? మూతపడ్డాక భూమి, యంత్రాలు ఎవరి చేతికి పోతున్నాయి? ఈ మూడింటికీ జవాబు వచ్చాక కార్మికుడి తప్పు మిగిలితే, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడుగుదాం. ముందు మాత్రం గేటు దగ్గర అతని పక్కన నిలబడదాం.