రూమ్మేట్ లేవకపోతే ముందు 108

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో డ్రగ్స్ దొరికాయంటే మనం ముందు చూసేది ఎన్ని కోట్లని. 2021 జూన్‌లో డీఆర్‌ఐ అధికారులు ఇక్కడ 12 కిలోల హెరాయిన్ పట్టుకున్నారు. విలువ దాదాపు రూ.78 కోట్లన్నారు. పట్టుకోవడం మంచిదే. కానీ మత్తు ప్రాణం తీసేది ఎయిర్‌పోర్టులో కాదు, గడియ పెట్టుకున్న హాస్టల్ గదిలో. అక్కడ పక్కనుండేది కస్టమ్స్ ఆఫీసర్ కాదు, రూమ్మేట్. 2022లో నగరంలో ఓ బీటెక్ విద్యార్థి రకరకాల డ్రగ్స్ వాడి చనిపోయాడని పోలీసులే ప్రకటించారు.

స్నేహితుడు పడిపోతే మనవాళ్లు ఏం చేస్తారు? మొహాన నీళ్లు కొడతారు, నిమ్మరసం పట్టిస్తారు, ‘పడుకుంటే దిగిపోతుందిలే’ అనుకుంటారు. 108కి మాత్రం చేయరు. పోలీసులొస్తారు, ఇంట్లో తెలుస్తుంది, ప్లేస్‌మెంట్ పోతుంది... ఇదీ లెక్క.

హెరాయిన్ ఒక్కటే కాదు, ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలూ ఓపియాయిడ్లే. ‘మెడికల్ షాపు మాత్రే కదా’ అన్న ధీమాతోనే చాలామంది మునుగుతారు. ట్రమడాల్‌ని 2018లోనే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. మోతాదు మించితే, అందులోనూ మద్యమో నిద్రమాత్రలో తోడైతే, ఊపిరి నెమ్మదించి ఆగిపోతుంది. పిలిచినా, గిల్లినా లేవడు. పెదాలు నీలంగా మారతాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. గొంతులోంచి గురక లాంటి చప్పుడు వస్తుంది. దాన్ని విని హాయిగా నిద్రపోతున్నాడనుకుంటే అంతే. ఊపిరి ఆగిన కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది.

దీనికి విరుగుడుంది, పేరు నాలోక్సోన్. మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. సకాలంలో ఇస్తే నిమిషాల్లో ఊపిరి అందుకుంటుంది. గంటకు అటూఇటూగా దాని ప్రభావం తగ్గుతుంది కాబట్టి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఓవర్‌డోస్ చూసే అవకాశం ఉన్నవాళ్లకు ఈ మందు అందుబాటులో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. అమెరికాలో 2023 నుంచి ముక్కులో కొట్టే స్ప్రేని డాక్టర్ చీటీ లేకుండానే కొనుక్కోవచ్చు. మన కాలేజీ హెల్త్ సెంటర్లలో, శంషాబాద్ చుట్టుపక్కల పీహెచ్‌సీల్లో దీన్ని ఉంచి, వాడటం నేర్పితే పోయేదేముంది?

అసలు అడ్డు మాత్రం భయమే. ఔటర్ మీద యాక్సిడెంటైన వాళ్లను ఆసుపత్రిలో చేరిస్తే ఇప్పుడెవరూ వేధించకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి ఆ రక్షణ ఇచ్చారు. ఎన్‌డీపీఎస్ చట్టంలో సెక్షన్ 64ఏ ఉంది, కానీ అది స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే బాధితుడికి. అర్ధరాత్రి ఫోన్ చేసిన రూమ్మేట్‌కి కాదు. ప్రాణం కాపాడమని ఫోన్ చేసినవాళ్లపై వాడకం కేసు పెట్టబోమని తెలంగాణ పోలీసులు బహిరంగంగా ఒక్క మాట చెప్పాలి. ప్లేస్‌మెంట్ ఆపబోమని కాలేజీలూ రాసివ్వాలి. అమ్మేవాణ్ని వదిలేయమని ఎవరూ అనట్లేదు.

ఆ మాట వచ్చేదాకా ఆగొద్దు. 2005లో 108 పుట్టిందే హైదరాబాద్‌లో, ఆ నంబర్ నొక్కండి. నోట్లో ఏమీ పోయకుండా, ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఏం వేసుకున్నాడో దాచకుండా చెప్పి, ఖాళీ స్ట్రిప్ ఉంటే అంబులెన్స్ సిబ్బంది చేతికివ్వండి. మానాలనుకుని మానలేకపోతున్నవాళ్ల కోసం 14446 ఉంది, టోల్ ఫ్రీ.