ఉమ్మడి కొలను – ఉమ్మడి బాధ్యత

పలువురు కలిసి యనుభవించు వస్తువునకు పలువురును బాధ్యులే. ఈ మాట చెప్పుట సులభము; ఆపత్కాలమున నిలుపుకొనుట కష్టము. 2020వ సంవత్సరపు వేసవిలో అమెరికా సంయుక్త రాష్ట్రములలో కలిగిన యొక చిక్కు ఇందులకు మంచి తార్కాణము.

ఆ దేశమున అనేక పేటలలో ఇండ్ల యజమానులు సంఘముగా నేర్పడి, చందాలిచ్చి, తోటలను, బాటలను, ఈతకొలనులను ఉమ్మడిగా పోషించుకొందురు. సంఘపు పెద్దలు సాధారణముగా జీతము లేక పనిచేయు ఇరుగుపొరుగువారే. మన తెలుగువారు పెక్కుమంది నివసించు న్యూజెర్సీ రాష్ట్రమున ఇట్టి సంఘములు మెండు. 2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొనెను, కొలనులు మూతపడెను. జూన్ 22 నుండి ఆరుబయటి కొలనులను తెరువవచ్చునని ఆ రాష్ట్ర ప్రభుత్వము అనుమతించెను. అయినను పలు సంఘములు జంకినవి.

జంకుటకు కారణము నీరు కాదు. కొలని నీటివలన ఈ వ్యాధి వ్యాపించునని రుజువు లేదని ఆ దేశపు వ్యాధి నివారణ కేంద్రమువారు అప్పుడే తెలిపియుండిరి. అపాయమంతయు గట్టుమీది గుంపులోను, బట్టలు మార్చుకొను గదులలోను ఉన్నది. ఎవరికైన జబ్బుచేసి వ్యాజ్యము వేసినచో? వ్యాధి యెచ్చట సోకెనో రుజువు చేయుట వాదికి కష్టమే. కాని సంఘమునకు వ్యాజ్యపు ఖర్చు తప్పదు. అంటువ్యాధులవలని నష్టమును అనేక భీమా పత్రములు మినహాయించుచుండెను. అప్పుడా భారము తుదకు ఇంటింటి చందాలమీదనే పడును గదా!

అందుచేత కొందరు, “మా నష్టమునకు మేమే బాధ్యులము” అని సభ్యులచేత చేవ్రాలు చేయించుకొనిరి. ఇది చాలునా? చాలదని మా యభిప్రాయము. ఇట్టి పత్రములు ఘోర నిర్లక్ష్యమును సాధారణముగా కప్పజాలవు. బిడ్డల హక్కును తలిదండ్రులు ముందుగా వదలుకొనుటను అనేక రాష్ట్రముల న్యాయస్థానములు అంగీకరింపవు. 2021 జులైలో న్యూజెర్సీ శాసనసభ ఇట్టి సంఘములకు రక్షణ కల్పించుచు చట్టము చేసినది; ద్వారమువద్ద హెచ్చరిక పలక కట్టవలెనని నియమించినది. 2022 జనవరి 1 వరకే నిలిచిన ఆ చట్టము సైతము ఘోర నిర్లక్ష్యమును మన్నింపలేదు.

మన పాఠశాలనే తీసికొందము. పిల్లలను ఏటియొడ్డునకు వనభోజనమునకు గొనిపోవునప్పుడు తండ్రులు సమ్మతి చీటీ వ్రాసి యిత్తురు. చీటీ జేబులో నున్నదిగదా యని ఉపాధ్యాయుడు చెట్టునీడను కునుకు తీయవచ్చునా? చీటీ అపాయమును తెలుపును, కావలి కాయదు.

అట్లని తలుపులు మూసి కూర్చుండుటయే వివేకమనియు మేము చెప్పము. ఇండ్లలో బందీలైన బిడ్డలకు ఆ వేసవి మరల రాదు. కావున సంఘము, “మనమీద దావా పడునా?” అని కాక, “జాగ్రత్త తీసికొనగలమా?” అని ముందు ప్రశ్నించుకొనవలెను. జనసంఖ్యకు మితి, ఎడము, శుభ్రత, వీనిని కనిపెట్టుటకు ఒక మనిషి – ఇవి సమకూడిన తెరువవచ్చును. సమకూడనిచో మూసియుంచి, కారణమును సభ్యులకు దాచక చెప్పవలెను.

విద్యార్థులారా! రేపు మీరును ఏదో యొక సంఘమున పెద్దలగుదురు. అప్పుడు చేవ్రాలుకంటె ముందు కావలిని తలపుడు.