వడ్డన కాకముందే విస్తరి ఎత్తేస్తే

శుక్రవారం అంటే మన దగ్గర కొత్త సినిమా. తెల్లారేసరికి థియేటర్ల ముందు ఫ్లెక్సీలు, పాలాభిషేకాలు. అమెరికా టీవీ వాళ్లకు మాత్రం శుక్రవారం రాత్రంటే గుండెల్లో రాయి. కుర్రకారు షికార్లకు పోయే రాత్రి అది. సైన్స్ ఫిక్షన్ సీరియళ్లకు రాజపోషకులు ఆ కుర్రకారే. అందుకే అక్కడి అభిమానులు ఆ వేళకు పెట్టుకున్న పేరు ‘ఫ్రైడే నైట్ డెత్ స్లాట్’. మన తెలుగు సీరియల్‌ని రాత్రి నుంచి మధ్యాహ్నానికి నెడితే, ఇక శుభం కార్డు దగ్గర పడిందని ఇంట్లో పెద్దవాళ్లు ఇట్టే పసిగడతారు కదా, అలాగన్నమాట.

ఈ మాట ఎత్తితే ముందు గుర్తొచ్చేది ‘స్టార్ ట్రెక్’. 1966 సెప్టెంబరులో ఎన్‌బీసీలో మొదలైంది. రెండో సీజన్ నడుస్తుండగానే ఆపేస్తారని గుప్పుమంది. బిజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ దంపతులు అభిమానులను కూడగట్టి ఛానెల్‌కు ఉత్తరాల వరద పారించారు. చివరికి 1968 మార్చి 1న, ఎపిసోడ్ ముగిసి పేర్లు పడుతుండగా, సీరియల్ కొనసాగుతుందని ఛానెలే ప్రకటించింది. అభిమానులు పండగ చేసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన టైం చూస్తే శుక్రవారం రాత్రి 10 గంటలు! బడ్జెట్ కోశారు. సృష్టికర్త జీన్ రోడెన్‌బెరీ రోజువారీ పనుల నుంచి పక్కకు తప్పుకున్నారు. కాళ్లు కట్టేసి పరుగెత్తమంటే ఎవరు పరుగెత్తుతారు? 1969లో, 79 ఎపిసోడ్లకు కథ ముగిసింది.

అసలు విడ్డూరం ఆ తర్వాత జరిగింది. 1970ల్లో స్థానిక స్టేషన్లు అవే పాత ఎపిసోడ్లను కొనుక్కుని, జనం ఇళ్లలో ఉండే వేళకు మళ్లీ మళ్లీ వేశాయి. కథ మారలేదు, నటులు మారలేదు, అట్ట సెట్లూ మారలేదు. జనం మాత్రం విరగబడి చూశారు. 1976లో నాసా తొలి స్పేస్ షటిల్‌కు ‘ఎంటర్‌ప్రైజ్’ అని పేరు పెట్టిందంటే, అదీ అభిమానుల ఉత్తరాల చలవే. జనానికి నచ్చలేదని తీసేసిన సీరియల్లోని అంతరిక్ష నౌక పేరది.

2002లో ఫాక్స్ ఛానెల్ ‘ఫైర్‌ఫ్లై’ సీరియల్ విషయంలో ఇంకో అడుగు ముందుకేసింది. శుక్రవారం స్లాటే కాదు, వరసనే తలకిందులు చేసింది. ఎవరెవరో పరిచయం చేసే రెండు గంటల తొలి భాగాన్ని దాచిపెట్టి, తర్వాతి కథతో మొదలుపెట్టింది. ఆ తొలి భాగం డిసెంబరు 20న, అంటే ఆపేసే నాటికి, చివర్లో వచ్చింది! మధ్యలో బేస్‌బాల్ పోటీలు అడ్డం పడ్డాయి. తీసిన 14 ఎపిసోడ్లలో అప్పుడు ప్రసారమైనవి 11. మరుసటి ఏడాది డీవీడీలు వస్తే ఎగబడి కొన్నారు. 2005లో అదే కథను కొనసాగిస్తూ ‘సెరెనిటీ’ సినిమా వచ్చింది.

అయితే తప్పంతా శుక్రవారం మీద తోసేస్తే కుదరదు. ‘ఎక్స్-ఫైల్స్’ 1993లో మొదలైంది ఇదే ఫాక్స్‌లో, శుక్రవారమే. మొదటి ఏడాది రేటింగుల్లో అడుగునే ఉంది. అయినా ఛానెల్ ఓపిక పట్టింది. 1996లో ఆదివారానికి మార్చేనాటికి అది ఇంటింటి పేరు. ‘ఫ్రింజ్’ని 2011లో శుక్రవారానికి నెట్టినా, 100 ఎపిసోడ్లు పూర్తి చేసుకునే పోయింది. తొమ్మిదేళ్ల తేడాలో ఒకే ఛానెల్ శుక్రవారం రాత్రుల్లో ‘ఎక్స్-ఫైల్స్’కు మూడేళ్లు, ‘ఫైర్‌ఫ్లై’కి మూడు నెలలు ఇచ్చింది. చంపింది వారం కాదు, తొందర.

అభిమానుల గోల కూడా ప్రతిసారీ నెగ్గదు. 2007లో సీబీఎస్ ‘జెరికో’ని ఆపేస్తే, అందులో హీరో అన్న ‘నట్స్’ అనే మాట పట్టుకుని ఆఫీసుకు సుమారు 20 టన్నుల వేరుశనగలు పంపారు. ఛానెల్ దిగొచ్చి 7 ఎపిసోడ్లు తీయించింది. పల్లీలు పంపినంత హుషారుగా జనం టీవీ ముందు కూర్చోలేదు. 2008లో మళ్లీ మూతపడింది. అందులో ఛానెల్‌ని తప్పుపట్టడానికేం లేదు.

ఇప్పుడు ఓటీటీలకు స్లాట్ల బెడదే లేదు. అయినా మూడు సీజన్లుగా అనుకున్న ‘1899’ని నెట్‌ఫ్లిక్స్ 2022 నవంబరులో విడుదల చేసి, జనవరి మొదట్లోనే ముగించేసింది. కథ నడిమధ్యలో, 8 ఎపిసోడ్లకు. ఎక్స్-ఫైల్స్‌కు దొరికినట్టు కనీసం ఒక ఏడాది గడువివ్వండి. జనం చూడలేదన్న తీర్పు ఆ తర్వాత చెప్పండి.