పౌరశాస్త్రం – పరీక్ష అయిపోయిన తరువాత

పౌరశాస్త్రానికి మన బడుల్లో ఎప్పుడూ చివరి పంక్తి భోజనమే. చరిత్రలో రాజులూ, భూగోళంలో నదులూ తృప్తిగా తిని లేచిన తరువాత, పరీక్షల ముందు దానికి విస్తరి వేస్తారు. పంతులుగారు నాలుగు ముఖ్యమైన ప్రశ్నలు గుర్తు పెట్టిస్తారు. పిల్లవాడు రాష్ట్రపతి అధికారాలు ఏకరువు పెట్టి మార్కులు తెచ్చుకుంటాడు. వీధిలో మురుగునీళ్లు పొంగితే ఏ కచేరీకి పోవాలో మాత్రం వాడికీ తెలియదు, వాణ్ణి కన్న తండ్రికీ తెలియదు.

ఇంకొక చిత్రం చూడండి. పదో తరగతితో పౌరశాస్త్రం ముగుస్తుంది. ఓటు పద్ధెనిమిదో ఏట వస్తుంది. 1989 నుంచి అదీ చట్టం. ఈ నడుమ సంవత్సరాల్లో ఎం.పి.సి. పిల్లలూ, బై.పి.సి. పిల్లలూ ఆ వైపు తిరిగి చూడరు. చదివింది మరిచిపోయిన సమయానికి సరిగ్గా హక్కు చేతికొస్తుందన్నమాట!

ఫలితం మా మధురానగర్ చుట్టుపక్కలే చూడవచ్చు. 2020 నగరపాలక ఎన్నికల్లో హైదరాబాదు ఓటర్లలో సగంమంది కూడా ఓటు వేయలేదు. 2025 నవంబరులో మా జూబ్లీహిల్స్ నియోజకవర్గానికి ఉపఎన్నిక వచ్చింది. మైకు మోగని సందు లేదు. అయినా ఓటు వేసినవారు సగానికి లోపే.

“చదువుకున్నవాళ్లకు బద్ధకమండీ. సెలవిస్తే నిద్రపోతారు” అని తేల్చేశారు మా పక్కింటి రిటైర్డు ఇంజనీరుగారు.

కొంత నిజమే. కాని అంతా బద్ధకమే అనడం అన్యాయం. మాకు దగ్గరలోనే కృష్ణానగర్ వుంది. సినిమాల్లో వేషాల కోసం, లైట్లు మోసే పని కోసం, కుట్టుపని కోసం వచ్చినవారు అక్కడ అద్దెగదుల్లో కాపురముంటారు. గదులు మారుతూ వుంటారు. ఓటు మాత్రం పాత గది దగ్గరో, పుట్టిన వూళ్లోనో వుండిపోతుంది. కొత్తగా పేరు చేర్చుకోవడానికి 6వ నెంబరు ఫారమనీ, చిరునామా మార్చుకోవడానికి 8వ నెంబరు ఫారమనీ వారికి కూర్చోబెట్టి చెప్పేవారెవరు?

ఆ చెప్పే పనిలో విశ్వవిద్యాలయానికి పెద్ద వాటా వుందంటాను నేను. ఇంజనీరుగారు నవ్వారు. “యూనివర్సిటీవాళ్లు ఫారాలు నింపుతూ కూర్చుంటే పరిశోధనలెవరు చేస్తారు లెక్చరరుగారూ?”

విద్వాంసులు గోడ దాటి బయటికి రావడం కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1873 నుంచే పట్నాలకు అధ్యాపకులను పంపి, కాలేజీ మెట్లు ఎక్కని స్త్రీలకూ, కార్మికులకూ ఉపన్యాసాలు ఏర్పాటు చేసింది. మన తెలుగునాట విశ్వవిద్యాలయమే లేని రోజుల్లో గ్రంథాలయాలు ఆ భారం మోశాయి. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపినవారి ఆశయం పుస్తకాలు దాచిపెట్టడం కాదు, లోకజ్ఞానం పంచిపెట్టడం.

తరువాత 1982లో దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలిసింది. అదే నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో జూబ్లీహిల్స్‌లో వుంది. దాని మొదటి ఉపకులపతి ప్రొఫెసర్ జి. రాంరెడ్డిగారు పంచాయతీరాజ్‌పై పరిశోధన చేసిన ప్రభుత్వపాలనశాస్త్ర ఆచార్యులు. ఆ విశ్వవిద్యాలయం తెలుగులో రాయించిన ప్రభుత్వపాలన పుస్తకాలను ఉద్యోగపరీక్షలకు కూర్చునేవారు ఎంతో ఆదరంగా చదువుకున్నారు. పాలన సంగతులు తెలుగులో విడమరిచి చెప్పవచ్చునని దానితో రుజువైంది.

దూరవిద్య విద్యార్థులకు ఆదివారాలు నేనూ కొన్నాళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. సినిమా సెట్లు కట్టే వడ్రంగి భార్య ఒకామె ముందు బెంచీలో కూర్చునేది. లేఖారచన పాఠం జరుగుతూండగా లేచి, “సార్, ఉత్తరమంటే మిత్రునికి రాసేదేనా? మా సందులో మూడు నెలలుగా మురుగునీళ్లు పారుతున్నాయి. దాని మీద రాయకూడదా?” అని అడిగింది.

ఆ పూట తరగతి అంతా కలిసి ఆ కాగితం రాసింది. “ప్రార్థించుచున్నాను” అన్న మాట కొట్టివేయించి “తెలియజేయగలరు” అని పెట్టించాడు ఒక బస్సు కండక్టరు. సమాచారహక్కు చట్టం 2005లో వచ్చింది. పది రూపాయల రుసుము కట్టి అడిగితే ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. మేమడిగినవి రెండే ప్రశ్నలు: ఆ గొట్టం బాగుచేయడం ఎవరి బాధ్యత? ఆ పని మంజూరైందా?

జవాబు వచ్చింది. మర్నాడే గొట్టం బాగుపడిందని అనను. వానలు వెలిసేదాకా పట్టింది. కాని ఆమె ఆ కాగితం సందులో చదివి వినిపించాక, మరి ఇద్దరు ఆడవాళ్లు తమ దరఖాస్తులు రాసి పెట్టమని ఆమె గుమ్మం ముందు నిలబడ్డారట. ఇంతకంటె మంచి పౌరశాస్త్ర పాఠం నాకు తెలియదు.

కనుక విశ్వవిద్యాలయం మహాసభలు పెట్టనక్కరలేదు. మొదట బడిపంతుళ్లకు తోడు నిలవాలి. మంచినీళ్లూ మురుగునీళ్లూ జలమండలివి, చెత్తా వీధిదీపాలూ నగరపాలక సంస్థవి – ఇట్లాంటి సంగతులు ఏ పేటకు ఆ పేటగా, తెలుగులోనూ ఉర్దూలోనూ నాలుగు పేజీల్లో అచ్చువేసి బడికి ఇవ్వాలి. పిల్లలు ఇంటికి తీసుకుపోతే అమ్మానాన్నలూ చదువుతారు.

రెండవది, జాతీయ సేవాపథకం. 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో అది మొదలైంది. విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. చీపురు పట్టుకొని ఫొటో దిగడానికి కొన్ని గంటలు పోయినా, మిగిలినవాటిలో కృష్ణానగర్ వంటి చోట్ల సాయంకాలం ఒక బల్ల వేసుకొని ఫారాలు నింపి పెట్టవచ్చు.

మూడవది, ఏ వీధిలో ఎందరికి ఓటు లేదు, ఎందుకు లేదు అని ఇల్లిల్లూ తిరిగి లెక్క తీయడం. ఇంజనీరుగారడిగిన పరిశోధన ఇదే మరి!

ఒక్క గీత మాత్రం దాటకూడదు. ఓటు ఎట్లా వేయాలో చెప్పవచ్చు. ఎవరికి వేయాలో చెప్పకూడదు. చెప్పిన మరునాడు ఆ బల్ల దగ్గరికి ఒక పార్టీవారే వస్తారు, తక్కినవారు రారు.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. మీ అమ్మాయో అబ్బాయో సేవాపథకం శిబిరానికి వెళ్తానంటే, చదువు పాడవుతుందని ఆపకండి. తిరిగి వచ్చాక మాత్రం ఒక ప్రశ్న వేయండి: “మన వీధిదీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలి?” జవాబు రాకపోతే పిల్లను కోప్పడకండి. ఆ శిబిరం నడిపిన కాలేజీకి ఒక కార్డుముక్క రాయండి. దానికి పది రూపాయలు కూడా ఖర్చు కాదు.