చుక్కల ఆనవాలు

అంతరిక్షంలో విహరించే దూరదర్శినికి కాలి కింద నేల లేదు, చూపు ఆనడానికి క్షితిజరేఖ లేదు. అయినా తాను చూడదలచిన నక్షత్రం మీది నుండి గంటల తరబడి దృష్టి మరల్చరాదు. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో ఒక భాగం వికల. హబుల్ దూరదర్శిని గురి 24 గంటలలో వికలలో వేయింట ఏడు వంతులకు మించి చలించకుండా దానిని రూపొందించారు. విశాఖ తీరం నుండి ప్రసరింపజేసిన కాంతిరేఖను అరకులోయలోని ఒక్క కాఫీ గింజ మీద చెదరకుండా నిలపడం వంటిది ఈ పని.

ఇందుకు ఆధారం చుక్కలే. శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న ప్రయోగించిన మన ఆస్ట్రోశాట్‌కు కూడా నక్షత్ర సంవేదకాలను, అంటే స్టార్ సెన్సర్లను అమర్చారు. సంవేదకం ఆకాశాన్ని చిత్రిస్తుంది. చుక్కల నడుమ ఎడాన్ని కొలుస్తుంది. తన స్మృతిలోని నక్షత్ర పట్టికతో పోల్చి, తాను ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో నిర్ణయిస్తుంది. ఒంటరి చుక్క దానికేమీ చెప్పదు. మన పెద్దలు పిల్లలకోడిని, గొల్లకావడిని గుర్తుపట్టినదీ ఇట్లే: చుక్కను చూసి కాదు, చుక్కల పొందికను చూసి.

ఆ పట్టికలు ఊరక పుట్టలేదు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో హైదరాబాదులోని నిజామియా వేధశాల అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం ఆకాశంలో తన వంతు భాగాన్ని ఫోటో పలకలపై చిత్రించి, లక్షలాది చుక్కల స్థానాలను కొలిచింది. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో తారల చలనాన్ని గణించడానికి అటువంటి పాత కొలతలే తోడ్పడ్డాయి. నేడు ఆ నగరపు వెలుగులో వేళ్ల మీద లెక్కించదగినన్ని చుక్కలే కనబడతాయి.

అరకుకు ఆ గతి పట్టకూడదన్నదే నా వాదం. సంవేదకానికి సూర్యచంద్రుల వెలుగు సోకకుండా ముందు ఒక గొట్టం తొడుగుతారు. పరాయి వెలుగు పడితే యంత్రమైనా గుడ్డిదే. మరి పర్యాటకుల విడిదుల దీపాలకు, ఆకాశంలోకి ఎగజిమ్మే రంగుల వెలుగులకు మూత ఎందుకు ఉండరాదు? మన అలంకారికులు అష్టాదశ వర్ణనలలో సూర్యోదయ చంద్రోదయాలను చేర్చారు గాని, చీకటికి వేరుగా పీట వేయలేదు. ఆ చిన్నచూపు మనకింకా పోలేదు కాబోలు!

గిరిజన గూడేలకు దీపం వద్దనడం లేదు. అర్ధరాత్రి గర్భిణిని డోలీలో మోసుకుపోయేవారికి దారిలో వెలుగు కావలసిందే. ఆ వెలుగు నేల మీద పడాలి. మబ్బుల మీద కాదు. లడాఖ్‌లోని హాన్లే ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించి, అక్కడి గ్రామస్థులకే దూరదర్శినులిచ్చి, వచ్చినవారికి తారలను చూపించే శిక్షణనిచ్చారు. అరకు, అనంతగిరి యువకులకు ఆ పని అప్పగించడానికి ముందు కావలసినది దీపాలకు పైమూత, పర్యాటకులు నిద్రించే వేళకు ఆర్పే నియమం.