విన్నాక ఏం చేస్తాం?

స్పానిష్ నేర్చుకునేవారికి మొదట్లోనే ఎదురయ్యే చిక్కు 'ఒయీర్', 'ఎస్కుచార్' అనే రెండు క్రియలు. శబ్దం దానంతటదే చెవిన పడితే ఒయీర్, మనం చెవి ఒగ్గితే ఎస్కుచార్ అని పంతులు చెబుతారు. వీధిలో కుక్క అరిస్తే మొదటిది, కావాలని పాట పెట్టుకుంటే రెండోది. వినబడటం, వినడం మనకూ వేరే కాబట్టి తెలుగువారికి ఇట్టే తలకెక్కుతుంది.

తీరా మెక్సికోకు ఫోన్ కలిపితే, లైన్ బాగాలేనప్పుడు అవతలివారు 'నో తే ఎస్కూచో' అంటారు. మాట అందడం లేదని చెప్పడానికి వాడింది చెవి ఒగ్గే క్రియ! వ్యాకరణ ప్రియులు నొచ్చుకుంటారు. స్పానిష్ అకాడమీలు 2005లో వెలువరించిన సందేహాల నిఘంటువు మాత్రం, ఈ వాడుక పూర్వ కవుల కాలం నుంచీ ఉంది గనక తప్పు పట్టలేమని తేల్చింది. జనం నోట నలిగిన మాట మీద కర్ర ఎత్తకపోవడం పెద్దరికమే.

శ్రద్ధగా వినడమే గొప్ప, చెవిన పడటం తక్కువ అని మనం తేలిగ్గా అనేస్తాం. ఈ మాటలు చేసిన కొలువులు చూస్తే ఆ తీర్పు నిలవదు. చర్చిలో పూజకు హాజరవడం ఒయీర్. మా మొర వినమని దేవుణ్ని వేడుకోవడానికీ ఆ క్రియ వాడతారు. 1527లో మెక్సికో కోసం స్పెయిన్ ఏర్పరచిన ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తి హోదా 'ఒయిదోర్', అంటే వినేవాడు. రెండో క్రియకు పుట్టిన 'ఎస్కూచా' ఎవరు? రాత్రివేళ శత్రు శిబిరం దగ్గరికి వెళ్లి చెవులు రిక్కించే కాపలాదారు. కన్యామఠంలో చుట్టాలొచ్చినప్పుడు సాటి సన్యాసిని పక్కనే కూర్చుని ఆ మాటలన్నీ వినే సోదరికీ అదే పేరు. ఫోన్ల దొంగచాటు వినికిడినీ స్పెయిన్ పత్రికలు ఆ మాటతోనే రాస్తాయి.

ఏకాగ్రతలో వేగువాణ్ని మించినవాడు లేడు. కానీ ఎదుటివాడికి అతను ఏమీ బాకీ లేడు. న్యాయమూర్తి అలా కాదు, విన్నాక బదులు చెప్పి తీరాలి. వలస పాలన తీర్పులన్నీ ధర్మమేనని కాదు, ఆ హోదా పేరులోనే ఒక బాధ్యత ఉంది. ప్రజావాణిలో అర్జీ పట్టుకుని నిలబడ్డ రైతు కలెక్టరు తలూపడం చూసి తృప్తిపడడు. ఫలానా తేదీలోగా పని అవుతుందనో, ఫలానా కారణంతో కాదనో ఒక మాట కావాలి. బదులిచ్చే ఉద్దేశం లేకుండా ఎంత శ్రద్ధగా విన్నా, చెప్పుకున్నవారికి ఒరిగేదేమీ లేదు.